పదకొండు మీటర్ల తరంగం, నాలుగు వాట్ల హద్దు: సీబీ రేడియో యాంటెన్నాల కథ

సిటిజన్స్ బ్యాండ్, వాడుకలో సీబీ, పరీక్ష రాయనక్కర్లేకుండా మామూలు జనం మాట్లాడుకోవడానికి అమెరికా ప్రభుత్వం కేటాయించిన రేడియో సేవ. 1960, 70 దశకాల్లో ఆ దేశమంతటా దీని గుర్తులు కనిపించేవి. ఇళ్ల కప్పుల మీద పొడవాటి అల్యూమినియం గొట్టాలు, కార్ల వెనక బంపర్ల మీద ఊగే ఉక్కు కడ్డీలు, లారీల అద్దాలకు అటొకటి ఇటొకటి నిలిచిన ఫైబర్‌గ్లాస్ బద్దలు. ఆ రోజులను ఇష్టంగా తలుచుకునేవారు ఇవాళ మాట పలికిన పెట్టెతో పాటు, చాలాసార్లు అంతకంటే ఎక్కువగా, ఆ మాటను గాలిలోకి పంపిన యాంటెన్నాను తలుచుకుంటారు. పాత కేటలాగులు దాచుకుంటారు. విరిగిన గొట్టాలు సేకరించి మళ్లీ నిలబెడతారు.

ఈ మమకారానికి భౌతికశాస్త్రంలోనే ఒక కారణం ఉంది. సీబీ తరంగం పొడవు దాదాపు 11 మీటర్లు. చట్టం ఒప్పుకున్న శక్తి 4 వాట్లు. తరంగం పొడవు వల్ల యాంటెన్నా వీధిలోంచి చూసినా కనిపించేంత పెద్దదైంది. శక్తి మీద హద్దు ఉండడం వల్ల మాట దూరం వెళ్లాలంటే యాంటెన్నాను మెరుగుపరుచుకోవడమే చట్టబద్ధమైన మార్గమైంది. ఆ కాలపు యాంటెన్నాల రూపాలన్నిటినీ ఈ రెండు అంకెలే తీర్చాయి.

పౌరులకు దక్కిన తరంగాలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లోనే అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, పౌరుల సొంత వాడకం కోసం 460 నుంచి 470 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీని ప్రతిపాదించింది. వాకీటాకీ రూపకర్తల్లో ఒకరైన ఆల్ గ్రాస్ స్థాపించిన సంస్థ తయారుచేసిన చేతి రేడియోకు 1948లో ఆమోదం లభించింది. అయితే ఆనాటి వాక్యూమ్ ట్యూబులతో అంత హెచ్చు పౌనఃపున్యంలో నిలకడగా పనిచేసే రేడియోను చవకగా తయారుచేయడం కష్టమైంది. అందుకే 1958 సెప్టెంబరులో కమిషన్ దారి మార్చి, అప్పటిదాకా హామ్ రేడియో (లైసెన్సుతో నడిపే అభిరుచి రేడియో) వారికి ఉన్న 11 మీటర్ల పట్టీని తీసి, 27 మెగాహెర్ట్జ్ దగ్గర 23 ఛానళ్ళతో పౌరులకు ఇచ్చింది. ఈ పౌనఃపున్యంలో రేడియో తయారీ సులువు. సామాన్యుడికి అందే ధరలో పరికరాలు బజారుకు వచ్చాయి.

1973 చివర్లో చమురు సంక్షోభం వచ్చింది. ఇంధనం ఆదా కోసం 1974లో దేశమంతటా గంటకు 55 మైళ్ల వేగ పరిమితి విధించారు. ఎక్కడ డీజిల్ దొరుకుతుందో, ఎక్కడ పోలీసులు వేగం కొలుస్తున్నారో ఒకరికొకరు చెప్పుకోవడానికి లారీ డ్రైవర్లకు సీబీ ఆయువుపట్టయింది. సీ.డబ్ల్యు. మెక్‌కాల్ పాడిన ‘కాన్వాయ్’ పాట 1976 ఆరంభంలో అమెరికా పాటల జాబితాల్లో మొదటి స్థానానికి చేరింది. అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్ సైతం ‘ఫస్ట్ మమా’ అన్న మారుపేరుతో సీబీలో మాట్లాడారు. 1977 జనవరి ఒక్క నెలలోనే లైసెన్సు కోసం ఎఫ్‌సీసీకి పది లక్షలకు చేరువగా దరఖాస్తులు వచ్చాయి. అదే నెల మొదటి తేదీన ఛానళ్ళు 23 నుంచి 40కి పెరిగాయి. ఈ రేడియోల్లో ప్రతిదానికీ ఒక యాంటెన్నా కావాలి. ఇంట్లోనూ కారులోనూ రేడియో ఉంటే రెండు కావాలి.

పొడవు ఎక్కడి నుంచి వచ్చింది

రేడియో తరంగం సెకనుకు దాదాపు 30 కోట్ల మీటర్లు ప్రయాణిస్తుంది. లారీ డ్రైవర్ల 19వ ఛానల్ 27.185 మెగాహెర్ట్జ్‌లో ఉంది, అంటే సెకనుకు 2 కోట్ల 71 లక్షల 85 వేల కంపనాలు. వేగాన్ని కంపనాల సంఖ్యతో భాగిస్తే తరంగదైర్ఘ్యం 11 మీటర్ల పైచిలుకు వస్తుంది. అందులో సగం 5.5 మీటర్లు, పావు 2.76 మీటర్లు.

ఈ సగం, పావు కొలతలకు ప్రాధాన్యం అనునాదం వల్ల వచ్చింది. ఉయ్యాల ఊగే లయకు తగ్గట్టు తోస్తే చిన్న తోపుకే పెద్ద ఊపు వస్తుంది. అలాగే తరంగంలో సగం పొడవున్న లోహపు కడ్డీలో విద్యుత్ ప్రవాహం ఒక కొన నుంచి మరో కొనకు వెళ్లి తిరిగి వచ్చేసరికి, రేడియో నుంచి వచ్చే తదుపరి తోపు సరిగ్గా అందుకుంటుంది. ప్రవాహం బలపడి, శక్తి తరంగంగా బయటికి వెళుతుంది. ఇలాంటి సగం తరంగపు కడ్డీని మధ్యలో తెంపి అక్కడ కేబుల్ కలిపితే అది డైపోల్. ఒక సగాన్ని నిలువు కడ్డీగా ఉంచి, రెండో సగానికి బదులు కింద లోహపు తలాన్ని పెడితే పావు తరంగపు యాంటెన్నా. కారు మీద ఆ తలం కారు రేకే. ఇంటి కప్పు మీద తలం లేదు కనుక కడ్డీ అడుగున మూడు నాలుగు అడ్డకడ్డీలు చాచి ఉంచుతారు. వీటిని రేడియల్స్ అంటారు.

రేడియల్స్ సమతలంగా ఉన్నప్పుడు పావు తరంగపు యాంటెన్నా ఇంపెడెన్స్, అంటే విద్యుత్ ప్రవాహానికి అది చూపే ఎదురు, 36 ఓంల దరిదాపుల్లో ఉంటుంది. కేబుల్, రేడియో 50 ఓంలకు తయారైనవి. రేడియల్స్‌ను కిందికి 45 డిగ్రీలు వంచితే ఆ విలువ 50 ఓంలకు దగ్గరవుతుంది. పాత ఫొటోల్లో ఇళ్ల మీది యాంటెన్నాల అడుగు కడ్డీలు వాలుగా కనిపించడానికి కారణం ఇదే.

ఇంటి కప్పు మీద

ఇంట్లో స్థిరంగా ఉంచిన రేడియోను బేస్ స్టేషన్ అంటారు. దాని యాంటెన్నాకు కావలసింది మొదట ఎత్తు. 27 మెగాహెర్ట్జ్ తరంగం నేల వెంట ఎక్కువ దూరం పాకదు. దాదాపు చూపు ఆనేంత మేరే వెళ్లి, ఇంకొద్దిగా వంగి ఆగుతుంది. చట్టం సర్వదిశా యాంటెన్నాలకు నేల నుంచి 60 అడుగులు, అంటే 18 మీటర్ల ఎత్తును హద్దుగా పెట్టింది. ఆ ఎత్తున ఉన్న యాంటెన్నాకూ రోడ్డు మీద రెండు మీటర్ల ఎత్తున ఉన్న యాంటెన్నాకూ మధ్య రేడియో దిగ్మండలం లెక్క 23 కిలోమీటర్లు చూపుతుంది. బేస్ యాంటెన్నా 6 మీటర్ల ఎత్తునే ఉంటే అది 16 కిలోమీటర్లకు తగ్గుతుంది. రెండంతస్తుల ఇల్లున్నవాళ్ళు కప్పు శిఖరం మీద, మిగతావాళ్ళు ఉక్కు గొట్టపు స్తంభం మీద యాంటెన్నా నిలబెట్టింది ఈ తేడా కోసమే.

ఎత్తు తరవాతది ఆకారం. తల మీది ఆకాశంలోకి పోయే శక్తి పక్క ఊరి మిత్రుడికి అందదు. నిలువు కడ్డీని పావు తరంగం నుంచి పొడిగించేకొద్దీ శక్తి నేలకు సమాంతరంగా ఒదుగుతుంది. ఎనిమిదింట ఐదు వంతుల తరంగం దగ్గర, అంటే 6.9 మీటర్ల పొడవు దగ్గర, ఆ ఒదుగు గరిష్ఠానికి చేరువవుతుంది. ఆ పైన పొడిగిస్తే శక్తి చీలి కొంత ఏటవాలుగా పైకి పోతుంది. విశాలమైన లోహతలం ఉన్నట్టు లెక్కిస్తే ఈ యాంటెన్నా పావు తరంగపు దానికంటే 3 డెసిబెల్‌లు మెరుగు. 3 డెసిబెల్‌లంటే శక్తి రెట్టింపు. నాలుగు వాట్ల రేడియో ఆ దిశలో ఎనిమిది వాట్ల దానిలా వినిపిస్తుంది. వాస్తవంలో నాలుగు రేడియల్స్ విశాలమైన లోహతలానికి సాటి కావు కనుక లాభం అంతకు తక్కువే ఉండేది. ఆ పొడవులో యాంటెన్నా సహజంగా 50 ఓంలకు కుదరదు. అడుగున ఒక తీగచుట్టనో లోహపు వలయాన్నో పెట్టి కుదిర్చేవారు. నెబ్రాస్కా రాష్ట్రం లింకన్‌లోని హై-గెయిన్ కంపెనీ తెచ్చిన సీఎల్‌ఆర్-2, పెనిట్రేటర్, ఇల్లినాయ్‌లోని అవాంటి కంపెనీ తెచ్చిన సిగ్మా ఫైవ్-ఎయిత్ ఈ జాతివే. సీబీ అభిమానులు ఇప్పటికీ ఈ పేర్లను చుట్టాల పేర్లలా పలుకుతారు.

పొడవు పెంచకుండా వేరే దారి పట్టిన రూపాలూ ఉన్నాయి. క్లీవ్‌లాండ్‌లోని యాంటెన్నా స్పెషలిస్ట్స్ తయారుచేసిన స్టార్‌డస్టర్‌లో రేడియల్స్ బాగా కిందికి వాలి, మొత్తం అమరిక నిలువు డైపోల్‌కు దగ్గరగా పనిచేసేది. తేలికది, గాలికి తట్టుకునేది. అవాంటి వారి ఆస్ట్రోప్లేన్‌లో చుట్టూ పరుచుకునే రేడియల్సే లేవు. విద్యుత్ ప్రవాహం హెచ్చుగా ఉండే భాగం యాంటెన్నా పైకొస దగ్గరికి వచ్చేలా దాన్ని రూపొందించారు. ఎత్తుకు హద్దున్న చోట, ఆ హద్దుకు సాధ్యమైనంత దగ్గర నుంచి తరంగం బయలుదేరాలన్నది ఆ ఆలోచన.

చేపల గాలాల తయారీలో పేరుపడ్డ షేక్‌స్పియర్ కంపెనీ ఈ రంగంలోకి తన అనుభవాన్నే తెచ్చింది. గాలం కర్రల కోసం పట్టుబడ్డ ఫైబర్‌గ్లాస్ పనితనంతో బిగ్ స్టిక్ అన్న సగం తరంగపు యాంటెన్నాను తయారుచేసింది. లోహభాగమంతా ఫైబర్‌గ్లాస్ గొట్టం లోపల ఉండేది. బయటికి రేడియల్స్ లేవు. ఐదు మీటర్ల పైచిలుకు తెల్ల కర్ర ఒకటి నిటారుగా నిలిచేది. సముద్రతీరపు ఉప్పుగాలికి అల్యూమినియం పాడయ్యే చోట్ల దీనికి మంచి పేరుండేది.

ఒక దిక్కుకు గురిపెట్టేవి

అన్ని దిక్కులకూ పంచే శక్తిని ఒకే దిక్కుకు మళ్లిస్తే లాభం ఇంకా పెరుగుతుంది. జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో హిదెత్సుగు యాగి, షింతారో ఉదా 1926లో లోకానికి వెల్లడించిన, యాగి అని పిలిచే అమరిక దీనికి మూలం. కేబుల్ కలిపిన డైపోల్ వెనక కాస్త పొడవైన కడ్డీని, ముందు కాస్త పొట్టి కడ్డీలను తగిన దూరంలో ఉంచితే, వాటిలో ప్రేరితమైన ప్రవాహాలు వెనక తరంగాన్ని అణచి ముందుకు బలపరుస్తాయి. 1980ల్లో తెలుగు ఊళ్ల డాబాల మీద దూరదర్శన్ కోసం వెలసిన యాంటెన్నాలు ఈ కుటుంబానివే. దూరదర్శన్ పౌనఃపున్యాలు ఎక్కువ కాబట్టి వాటి కడ్డీలు చిన్నవి. 11 మీటర్ల తరంగానికి ఒక్కో కడ్డీ ఐదున్నర మీటర్లు. మూడు కడ్డీల సీబీ యాగి ఇంటి కప్పులో చాలా భాగాన్ని ఆక్రమించేది. దాన్ని తిప్పడానికి స్తంభం మీద ఒక మోటారు, ఆ మోటారుకు మేజా మీద దిక్కు చూపే ఒక డబ్బా ఉండేవి.

కడ్డీలకు బదులు పూర్తి తరంగం పొడవున్న తీగను చతురస్రంగా వంచి వాడేది క్వాడ్. ఈక్వడార్ రాజధాని కీటోలోని రేడియో కేంద్రంలో ఇంజనీరు క్లారెన్స్ మూర్ 1940ల ఆరంభంలో దీన్ని రూపొందించాడు. అక్కడి ఎత్తులో గాలి పలచన. యాగి కడ్డీల కొనల నుంచి విద్యుత్ మెరుపులు చిమ్మి లోహం కరిగేది. చతురస్రానికి కొనలే లేకపోవడంతో ఆ ఇబ్బంది తీరింది. అవాంటి కంపెనీ ఈ సూత్రాన్ని సీబీకి తెచ్చింది. దాని పీడీఎల్-2 ఒకే అమరికలో నిలువు, అడ్డ ధ్రువణాలు (తరంగం కంపించే దిశలు) రెండిటికీ విడివిడి కేబుళ్ళిచ్చింది. మూన్‌రేకర్‌లో వెనక క్వాడ్ వలయం, ముందు అడ్డంగా నిలువుగా కూర్చిన యాగి కడ్డీలు కలిశాయి. నాలుగు వరసల మూన్‌రేకర్ 4, ఆరు వరసల మూన్‌రేకర్ 6 ఆనాటి కుర్రాళ్ళు కేటలాగులో చూసి కలలుగన్న యంత్రాలు.

ధ్రువణం మార్చుకునే వీలుకు అసలైన ప్రయోజనం ఉంది. కార్ల యాంటెన్నాలు నిలువుగా ఉంటాయి కనుక వాటితో మాట్లాడేటప్పుడు ఇంటి యాంటెన్నా కూడా నిలువుగానే తరంగం పంపాలి. ఒకటి నిలువు, మరొకటి అడ్డం అయితే దగ్గరి దూరాల్లో సంకేతం దారుణంగా పడిపోతుంది. ఇద్దరూ ఇళ్లలోనే ఉంటే ఇద్దరూ అడ్డ ధ్రువణానికి మారేవారు. రోడ్డు మీది ఇంజన్ల స్పార్క్ ప్లగ్గుల రొద ఎక్కువగా నిలువు ధ్రువణంలో వస్తుంది కాబట్టి అడ్డంలో మాట స్పష్టంగా వినిపించేది.

యాంటెన్నా స్పెషలిస్ట్స్ వారి సూపర్ స్కానర్ తిప్పే మోటారునే తొలగించింది. మూడు నిలువు డైపోల్‌లను త్రిభుజాకారంలో నిలబెట్టి, వాటిలో ఏది తరంగం పంపాలో, ఏవి వెనక్కి తోయాలో మేజా మీది స్విచ్‌తో ఎంచుకునే వీలు కల్పించారు. దిశ క్షణంలో మారేది. కావాలంటే అన్ని దిక్కుల నుంచీ ఒకేసారి వినేది.

వాహనం మీద

కారు యాంటెన్నాల్లో అన్నిటికీ ప్రమాణం 102 అంగుళాల ఉక్కు విప్. దాని అడుగున 6 అంగుళాల స్ప్రింగ్. రెండూ కలిపి 108 అంగుళాలు, అంటే 2.74 మీటర్లు. దాదాపు పావు తరంగం. అడుగున మందంగా మొదలై పైకి వెళ్లేకొద్దీ సన్నబడే తుప్పు పట్టని ఉక్కు కడ్డీ అది. కొసన ఉండే చిన్న లోహపు పూస స్థిరవిద్యుత్ వల్ల వచ్చే రొదను తగ్గిస్తుంది. బంపర్ మీది గుండ్రటి బిగింపును కారు వంపు ఎలా ఉన్నా కడ్డీ నిటారుగా నిలిచేలా తిప్పుకోవచ్చు. చెట్టు కొమ్మ తగిలితే స్ప్రింగ్ వంగి మళ్లీ లేస్తుంది. గ్యారేజీలోకి వెళ్లేటప్పుడు కడ్డీని విల్లులా వంచి కొసను వానచూరు అంచున ఒక క్లిప్పుకు తగిలించేవారు. వేగంగా వెళుతున్నప్పుడు కడ్డీ వెనక్కి వాలి, అవతలివాడి మీటరులో ముల్లు ఊగుతూ ఉండేది.

యాంటెన్నా బిగించిన చోటును బట్టి తరంగం వెళ్లే దిశ మారుతుంది. కారు రేకు లోహతలం కనుక, యాంటెన్నా నుంచి రేకు ఎక్కువగా పరుచుకున్న వైపు సంకేతం బలంగా ఉంటుంది. వెనక ఎడమ మూలన బిగించిన విప్ ముందు కుడి మూల వైపు బాగా వినిపిస్తుంది. అన్ని వైపులా సమానంగా వినిపించాలంటే పైకప్పు నడుమ బిగించాలి. కానీ అక్కడ 2.7 మీటర్ల కడ్డీ పెడితే ఎత్తు తక్కువ వంతెనల కింద దూరదు.

అందుకే పొట్టి యాంటెన్నాలు పుట్టాయి. కడ్డీని 1.2 మీటర్లకు కుదిస్తే అనునాదం చెదురుతుంది. తగ్గిన పొడవు కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది. దానికి విరుగుడుగా ఒక తీగచుట్టను చేరిస్తే లెక్క మళ్లీ కుదురుతుంది. అయితే దీనికి మూల్యం ఉంది. పావు తరంగపు కడ్డీ వికిరణ నిరోధం, అంటే తరంగంగా వెళ్లే శక్తికి లెక్కయ్యే నిరోధం, 36 ఓంలు. 1.2 మీటర్ల కడ్డీది సుమారు 5 ఓంలే. తీగచుట్టలో, కారు రేకులో, అతుకుల్లో ఉండే కొద్ది ఓంల నిరోధం దానితో శక్తిని పంచుకుంటుంది. రేడియో ఇచ్చిన నాలుగు వాట్లలో పెద్ద భాగం వేడిగా పోతుంది. చుట్టను అడుగున కాక మధ్యలో పెడితే, దాని కింది భాగమంతటా ప్రవాహం బలంగా ఉండి పరిస్థితి మెరుగవుతుంది. కానీ బరువు పైకి చేరి కడ్డీ ఊగుతుంది. అరిజోనాలోని ఫైర్‌స్టిక్ వంటి తయారీదారులు ఫైబర్‌గ్లాస్ బద్ద పొడవునా తీగను చుట్టి, చుట్టనూ కడ్డీనీ ఒకటి చేశారు.

బిగింపుల్లో ఎన్నో రకాలు వచ్చాయి. కారు పైకప్పు అంచుకు కొరికి పట్టేవి, డిక్కీ మూత అంచుకు మరలతో బిగించేవి, అద్దం కమ్మికి తగిలించేవి. బయట యాంటెన్నా కనిపిస్తే లోపల రేడియో ఉందని దొంగలకు తెలిసిపోయేది. సీబీ రేడియోల దొంగతనాలు పెరిగిన ఆ రోజుల్లో అయస్కాంతంతో అతుక్కునే యాంటెన్నాకు గిరాకీ వచ్చింది. దిగేటప్పుడు దాన్ని పీకి డిక్కీలో పడేస్తే చాలు. మామూలు కారు రేడియో యాంటెన్నాలా కనిపించేవీ, మీట నొక్కితే లోపలికి దిగిపోయేవీ అమ్మకానికి వచ్చాయి.

లారీల జంట యాంటెన్నాలకు వేరే లెక్క ఉంది. రెండు అద్దాలకు బిగించిన రెండు యాంటెన్నాలు ఒకే తాళంలో తరంగం పంపితే, ముందుకూ వెనక్కూ వెళ్లే భాగాలు కలిసి బలపడతాయి. పక్కలకు వెళ్లేవి కొంత ఎదురుపడి తగ్గుతాయి. శక్తి రోడ్డు వెంట పారుతుంది. రెండిటి మధ్య దూరం పావు తరంగం, అంటే 2.76 మీటర్లు ఉంటే మంచి ఫలితం. లారీ అద్దాల మధ్య దూరం దీనికి దగ్గరగా ఉంటుంది. కారు మీద దూరం చాలదు కనుక జంట పెడితే అందమే తప్ప లాభం తక్కువ. రెండు యాంటెన్నాలను ఒక రేడియోకు కలపడంలోనూ ఒక నేర్పుంది. ఒక్కోదానికి 75 ఓంల కేబుల్ 18 అడుగుల చొప్పున వాడతారు. కేబుల్‌లో తరంగం నెమ్మదిగా నడుస్తుంది కనుక ఆ 18 అడుగులు ముప్పావు తరంగానికి సమానం. అలాంటి కేబుల్ ఒక కొసన ఉన్న 50 ఓంలను రెండో కొసన 112 ఓంలుగా చూపిస్తుంది. రెండు 112లు సమాంతరంగా కలిస్తే 56. రేడియో కోరే 50కి అది చాలా దగ్గర.

ట్యూనింగ్

యాంటెన్నా బిగించగానే పని పూర్తికాదు. యాంటెన్నా ఇంపెడెన్స్ కేబుల్‌తో కుదరకపోతే కొంత శక్తి వెనక్కి తిరుగుతుంది. ముందుకు వెళ్లే తరంగానికీ వెనక్కి వచ్చేదానికీ ఉన్న సంబంధాన్ని తెలిపే అంకెను స్టాండింగ్ వేవ్ నిష్పత్తి అంటారు. అందరూ పిలిచే పేరు ఎస్‌డబ్ల్యుఆర్. అది 1.5 అయితే తిరిగొచ్చే శక్తి 4 శాతం. 2 అయితే 11 శాతం. 3 అయితే 25 శాతం, ఆ స్థాయిలో ట్రాన్సిస్టర్ రేడియోల చివరి దశ కాలిపోయే ప్రమాదం ఉంది.

రేడియోకూ కేబుల్‌కూ మధ్య మీటరు కలిపి మొదటి ఛానల్‌లో ఒకసారి, చివరి ఛానల్‌లో మరొకసారి కొలుస్తారు. చివరి ఛానల్‌లో ఎక్కువ చూపితే కడ్డీ పొడవెక్కువ. మొదటి ఛానల్‌లో ఎక్కువ చూపితే పొట్టి. చిన్న అలెన్ మర వదులు చేసి కడ్డీని కొన్ని మిల్లీమీటర్లు జరిపి, మర బిగించి, చేయి దూరంగా తీసి మళ్లీ కొలుస్తారు. దగ్గర నిలబడ్డ మనిషి ఒళ్ళు కూడా కొలతను మారుస్తుంది. 1వ ఛానల్‌కూ 40వ ఛానల్‌కూ పావు తరంగం పొడవులో తేడా 4.5 సెంటీమీటర్లు. 23 ఛానళ్ళ కాలంలో అది 3 సెంటీమీటర్ల లోపే. అందుకే 1977కు ముందు వచ్చిన పొట్టి యాంటెన్నాలు కొన్ని, కొత్త పై ఛానళ్ళలో ఎస్‌డబ్ల్యుఆర్ పెరిగి ఇబ్బంది పెట్టాయి. పూర్తి పొడవు విప్‌లకు ఆ బాధ లేదు.

ఆకాశం నుంచి తిరిగొచ్చిన మాట

సీబీని ఇరుగుపొరుగు ఊళ్ల మాటకోసం ఉద్దేశించారు. 150 మైళ్లు దాటి మాట్లాడడాన్ని చట్టం నిషేధించింది. కానీ 27 మెగాహెర్ట్జ్ తరంగానికి మరో స్వభావం ఉంది. సూర్యుడి మీద మచ్చలు పెరిగిన ఏళ్లలో, నేలకు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున అయనావరణం దట్టమై ఈ తరంగాలను వంచి కిందికి పంపుతుంది. మాట వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. వేసవి నెలల్లో నూరు కిలోమీటర్ల ఎత్తున అప్పుడప్పుడూ ఏర్పడే పొరలు కూడా వెయ్యి, రెండు వేల కిలోమీటర్ల దూరానికి చేరుస్తాయి. సీబీ వారు దీన్ని స్కిప్ అన్నారు.

11 మీటర్ల పట్టీని పౌరులకు ఇచ్చిన 1958, నమోదైన చరిత్రలోనే అత్యంత బలమైన సౌరచక్రం గరిష్ఠానికి చేరిన సంవత్సరం. మళ్లీ 1979-80 గరిష్ఠం సీబీ ఉధృతికి వెన్నంటే వచ్చింది. పక్క ఊరితో మాట్లాడబోతే దేశం అవతలి అంచు నుంచి గొంతు వినిపించేది. చాలామంది యాంటెన్నాలు పెంచుకున్నది ఈ ఆశతోనే. శక్తిని నేలకు సమాంతరంగా పంపే యాంటెన్నాకు ఒక్క గంతులో ఎక్కువ దూరం అందుతుంది. అయనావరణంలో ధ్రువణం తిరిగిపోతుంది కనుక స్కిప్‌కు నిలువు, అడ్డం పట్టింపు ఉండదు. అదే స్కిప్, మరోవైపు, స్థానికుల మాటలను దూరపు గొంతుల హోరులో ముంచేది.

తీగల దగ్గర ముప్పు, పొరుగింటి టీవీ

ఆరేడు మీటర్ల అల్యూమినియం గొట్టాన్ని ఇంటి కప్పు మీద నిలబెట్టేటప్పుడు అది పక్కనున్న కరెంటు తీగలకు తగిలి ప్రాణాలు పోయిన ఘటనలు జరిగాయి. దానితో అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ 1978లో బేస్ యాంటెన్నాల మీద, స్తంభాల మీద హెచ్చరిక చీటీలు తప్పనిసరి చేసింది. 1982లో సర్వదిశా బేస్ యాంటెన్నాలకు తీగ తగిలినా షాక్ కొట్టని విధంగా విద్యుత్ నిరోధక కవచం ఉండాలన్న ప్రమాణం తెచ్చింది. తళతళలాడే నగ్న లోహపు యాంటెన్నాల తరానికీ ఫైబర్‌గ్లాస్ తరానికీ మధ్య గీత గీసిన కారణాల్లో ఇదొకటి.

పొరుగువారి ఫిర్యాదు టీవీ గురించి. 27 మెగాహెర్ట్జ్‌కు రెట్టింపు 54. అమెరికాలో టీవీ 2వ ఛానల్ సరిగ్గా అక్కడ మొదలవుతుంది. సీబీలో ఏర్పడే రెట్టింపు పౌనఃపున్యపు అవశేషం ఆ బొమ్మ మీద గీతలై కనిపించేది. కప్పు మీద పెద్ద యాంటెన్నా ఉన్నవాడే దోషిగా తేలేవాడు. రేడియో తరవాత హెచ్చు పౌనఃపున్యాలను ఆపే లో-పాస్ ఫిల్టర్ బిగిస్తే చాలావరకు తగ్గేది.

తగ్గుముఖం

40 ఛానళ్ళ మార్పు వ్యాపారాన్ని కుదిపేసింది. 23 ఛానళ్ళ సరుకు అమ్ముడుపోక గోదాముల్లో పేరుకుంది. హై-గెయిన్ దివాలా తీసింది. దాని యాంటెన్నాల విభాగం తరవాత టెలెక్స్ కంపెనీ చేతికి వెళ్లింది. అవాంటి యాంటెన్నా స్పెషలిస్ట్స్‌లో కలిసింది. ఛానళ్ళలో రద్దీ, రొద పెరిగి జనం విసిగారు. 1983లో ఎఫ్‌సీసీ సీబీకి లైసెన్సే అక్కర్లేదని ప్రకటించింది. ఆ దశాబ్దంలోనే సెల్ ఫోన్ మొదలైంది.

బ్రిటన్ సీబీని 1981 నవంబరులో చట్టబద్ధం చేస్తూ యాంటెన్నా పొడవును 1.5 మీటర్లకు పరిమితం చేసింది. ఏడు మీటర్లకు మించిన ఎత్తున పెడితే శక్తిని పదో వంతుకు తగ్గించాలంది. అమెరికాలో కప్పులెక్కిన మహాకాయులు మొదట్లో అక్కడ చట్టబద్ధంగా కనిపించకపోవడానికి ఈ రెండు షరతులే కారణం. భారతదేశం 2005లో 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ పట్టీలో 5 వాట్ల వరకు లైసెన్సు అక్కర్లేదని నియమాలు చేసింది. అప్పటికే మొబైల్ ఫోన్లు చేతికొచ్చాయి. అందుకే తెలుగునాట డాబాల మీద సీబీ యాంటెన్నాల కాలం అంటూ ఒకటి రాలేదు.

పాతవాటికి మళ్లీ ప్రాణం

నలభై, యాభై ఏళ్లు ఎండకూ వానకూ నిలిచిన యాంటెన్నాలో పాడయ్యే భాగాలు తెలిసినవే. గొట్టం గొట్టంలోకి దూరే చోట అల్యూమినియం మీద తెల్లని ఆక్సైడ్ పొర కడుతుంది. అది విద్యుత్తును ఆపుతుంది. విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, ఆక్సీకరణను ఆపే పేస్టు పూసి, కొత్త స్టెయిన్‌లెస్ క్లాంపులతో బిగిస్తారు. ప్లాస్టిక్ ఇన్సులేటర్లు అతినీలలోహిత కిరణాలకు పెళుసెక్కి పగులుతాయి. వాటి స్థానంలో నైలాన్ ముక్కను లేతు మీద తిప్పించి వేస్తారు. ఫైబర్‌గ్లాస్ పైపూత పోయి నారలు లేచి చేతికి గుచ్చుకుంటాయి. శుభ్రంచేసి వార్నిష్ వేస్తే ఆగుతుంది. కేబుల్ మాత్రం మార్చాల్సిందే. ఒకసారి నీరు దిగితే లోపలి రాగి అల్లిక నల్లబడి, ఎస్‌డబ్ల్యుఆర్ బాగున్నట్టు చూపిస్తూనే శక్తిని మింగేస్తుంది.

ఇలా బాగుచేసిన యాంటెన్నాలకు మరో బతుకు కూడా ఉంది. సీబీకి ఎగువనే 28 నుంచి 29.7 మెగాహెర్ట్జ్ వరకు హామ్ రేడియో వారి 10 మీటర్ల పట్టీ ఉంది. పావు తరంగపు కడ్డీని 12 సెంటీమీటర్ల మేర తగ్గిస్తే సీబీ యాంటెన్నా 28.4 మెగాహెర్ట్జ్‌కు కుదురుతుంది. భారతదేశంలో పరీక్ష రాసి లైసెన్సు పొందిన హామ్‌లు ఈ పట్టీలో మాట్లాడతారు. హైదరాబాదులో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఇలాంటి అభిరుచి గలవారికి శిక్షణ ఇస్తూ వస్తోంది. యాంటెన్నాను సొంతంగా లెక్కగట్టి, కోసి, మీటరుతో సరిచూసుకునే విద్యను నేర్చుకోదలచిన తెలుగు విద్యార్థికి ఇక్కడ సీబీ తరం అనుభవమంతా పనికొస్తుంది.

అమెరికాలోనూ సీబీ పూర్తిగా పోలేదు. ఎఫ్‌సీసీ 2017లో దూరం మీది పరిమితిని ఎత్తేసింది. 2021లో ఎఫ్‌ఎం పద్ధతిని అనుమతించింది. 2024లో సూర్యుడు మళ్లీ గరిష్ఠ దశకు చేరడంతో 27 మెగాహెర్ట్జ్‌లో దూరపు గొంతులు మళ్లీ వినిపించాయి. 4 వాట్ల హద్దు అలాగే ఉంది కాబట్టి యాంటెన్నా ప్రాధాన్యమూ అలాగే ఉంది.

చేతిలోని ఫోనుకూ యాంటెన్నా ఉంది. 1800 మెగాహెర్ట్జ్ తరంగంలో పావు నాలుగు సెంటీమీటర్లే కనుక అది అంచులో దాక్కుంది. దాన్ని వాడేవారు దాని పొడవు తెలుసుకోనక్కర్లేదు, సరిచేయనక్కర్లేదు. సీబీ యాంటెన్నా అలా దాక్కోలేదు. దాన్ని చూసి తరంగం ఎంత పొడవో చెప్పవచ్చు, వాలుగా ఉన్న కడ్డీలను చూసి ఇంపెడెన్స్ ఊహించవచ్చు, యాగి ముక్కు చూసి యజమాని ఏ దిక్కున ఉన్నవారితో మాట్లాడుతున్నాడో పోల్చుకోవచ్చు. లారీ డ్రైవర్లు, రైతులు, మెకానిక్కులు, బడిపిల్లలు తమ చేతులతో కొలిచి, కోసి, బిగించి తరంగశాస్త్రం నేర్చుకున్నది ఈ కడ్డీల దగ్గరే. పాత యాంటెన్నాలను, వాటి కొలతల పత్రాలను భద్రపరిచేవారు కాపాడుతున్నది ఆ విద్యనే.